ఫోన్లోని ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి: వైరు లేకుండా పంపడానికి ఏ దారి ఎవరికి నప్పుతుంది

ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా పట్నం పర్లాకిమిడిలో పెళ్లంటే చుట్టాలు రెండు రాష్ట్రాల నుంచి దిగుతారు. పాతపట్నం, టెక్కలి వాళ్లు ఒకవైపు, గుణుపురం, కాశీనగర్, బరంపురం వాళ్లు ఇంకోవైపు. ఫోటోగ్రాఫర్ తీసినవి ఎలాగూ ఉంటాయి. అవి కాక, పసుపు కొట్టేటప్పుడు పిన్ని నవ్విన నవ్వు, అప్పగింతలప్పుడు తాతగారు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం లాంటివి ఏ మరదలి ఫోన్లోనో దొరుకుతాయి. ఆల్బం తిరగేసేవాళ్లు ఆగేది అలాంటి వాటి దగ్గరే. ఆల్బం డిజైను చేసే నా దగ్గరికి అవి వచ్చేసరికి చాలావరకు ప్రింటుకి పనికిరాకుండా ఉంటాయి. తీసినవాళ్లు బాగానే తీశారు, పంపడంలో పాడయ్యాయి. "ఏటండీ, ఫోన్లో బాగానే కనిపిస్తోంది కదా" అంటారు. ఫోను తెర అరచేతంత. ఆల్బం షీటు దానికి ఎన్నో రెట్లు.

వైరు పెడితే సమస్యే లేదు, నిజమే. కానీ ఇప్పుడు చాలామంది దగ్గరున్న వైర్లు ఛార్జింగుకి మాత్రమే పనికొస్తాయి, డేటా వెళ్లదు. పాత ల్యాప్‌టాప్‌కి టైప్-సీ రంధ్రం ఉండదు, కొన్ని కొత్త ఫోన్లతో వచ్చే వైరు రెండు చివరలా టైప్-సీయే. అందుకని వైరు లేని దారుల గురించే రాస్తున్నాను.

ముందు తేల్చుకోవలసింది

యాప్ పేరు తర్వాత చూద్దాం. ఫోటో ఫోన్లోంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా వెళ్తోందా, ఇంటర్నెట్ మీదుగా తిరిగి వస్తోందా అన్నది ముందు చూడాలి. వాట్సాప్, టెలిగ్రామ్, గూగుల్ ఫోటోస్, డ్రైవ్, ఐక్లౌడ్, ఈమెయిల్ అన్నీ ఇంటర్నెట్ దారులే. రెండూ ఒకే బల్లమీద పక్కపక్కన ఉన్నా, ఫోటో ఎక్కడో ఉన్న సర్వరుదాకా వెళ్లి మళ్లీ కిందికి దిగాలి. లోకల్‌సెండ్, క్విక్ షేర్, ఎయిర్‌డ్రాప్, ఎఫ్‌టీపీ, బ్లూటూత్ నేరుగా వెళ్లేవి, వీటి గురించి కింద ఒక్కొక్కటిగా చెబుతాను. వీటిలో ఫోటోలు పంపడానికి సిమ్‌లో డేటా ఖర్చు కాదు.

పట్నంలో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకి ఈ తేడా అంతగా తెలియదు. గుమ్మ, ఆర్.ఉదయగిరి, మోహన వైపు కొండ ఊళ్లలో ఉన్నవాళ్లకి బాగా తెలుస్తుంది. వీధి అరుగు మీద సిగ్నల్ ఉంటుంది, లోపలి గదిలో ఉండదు. రీల్సు చూడ్డానికి సరిపోయే నెట్ కూడా ఫోటోలు ఎక్కించడానికి ఏడిపిస్తుంది, ఎందుకంటే మొబైల్ నెట్‌లో ఎక్కించే వేగం దించే వేగం కంటే బాగా తక్కువ. పైగా రోజుకి 1.5 జీబీ, 2 జీబీ అని కోటా ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. ఫోటో ఒకటి 4 ఎంబీ అనుకుంటే వెయ్యి ఫోటోలు 4 జీబీ. పెళ్లిలో నాలుగు ఫోన్లు కలిపితే వెయ్యి ఫోటోలు ఏ మూలకీ రావు.

సెకనుకి 4 మెగాబిట్ల వేగంతో (8 మెగాబిట్లు కలిస్తే ఒక ఎంబీ) వాటిని క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లోని సర్వరులోకి ఎక్కించడానికి రెండు గంటల పైన పడుతుంది. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లోకి దించాలి, దానికి మళ్లీ 4 జీబీ. రెండూ కలిపి 8 జీబీ, అంటే 2 జీబీ రోజు కోటాకి నాలుగు రెట్లు. బ్లూటూత్‌లో అయితే నాలుగున్నర గంటలు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో నేరుగా పంపితే సెకనుకి 5 ఎంబీ వచ్చినా పద్నాలుగు నిమిషాల్లోపు. 5 గిగాహెర్ట్జ్‌లో సెకనుకి 25 ఎంబీ వస్తే మూడు నిమిషాలు కూడా పట్టదు. ఫోనుని బట్టి, ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, ఏది ముందు, ఏది వెనక అన్నది మారదు.

నేను ముందుగా చెప్పేది: ఫోన్ హాట్‌స్పాట్, లోకల్‌సెండ్

"మా ఇంట్లో వైఫై లేదు కదా, మరి వైఫైలో ఎలా పంపుతాం?" అని చాలామంది అడుగుతారు. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఆ ఫోనే ఒక చిన్న వైఫై నెట్‌వర్క్ అవుతుంది. ల్యాప్‌టాప్‌ని దానికి కలిపితే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. ఫోటోలు ఆ రెండింటి మధ్యే వెళ్తాయి. నెట్ ఉన్నా లేకపోయినా తేడా రాదు. టవరు జాడలేని చోట కూడా పనిచేస్తుంది. మహాశివరాత్రికి మహేంద్రగిరి ఎక్కి దిగినవాళ్లు, గండాహతి జలపాతానికి వెళ్లినవాళ్లు అక్కడికక్కడే ఒకరి ఫోటోలు ఇంకొకరి ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవచ్చు.

లోకల్‌సెండ్ ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనలు ఉండవు, ఖాతా తెరవమనదు. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిటికీ ఉంది. పెళ్లింట్లో ఒకరిది శాంసంగ్, ఒకరిది రెడ్‌మీ, అల్లుడిది ఐఫోన్ అయినప్పుడు అందరికీ ఒకే పద్ధతి చెప్పగలగడం పెద్ద సుఖం. దాన్ని డౌన్‌లోడు చేసుకోవడానికి మాత్రం ఒకసారి నెట్ కావాలి. సిగ్నల్ ఉన్నచోట ముందే ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ వేసి ఉంచుకోండి.

పని ఇలా జరుగుతుంది. ఫోన్లో ముందు మొబైల్ డేటా ఆపండి. ఇది మరిచిపోకూడదు. డేటా ఆన్‌లో ఉంటే ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కి కలిసిన మరుక్షణం విండోస్ తన అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెట్టవచ్చు, మీ రోజు కోటా అక్కడే హరించుకుపోతుంది. తర్వాత హాట్‌స్పాట్ ఆన్ చేయండి. దాని సెట్టింగుల్లో బ్యాండ్ అని ఉంటే 5 గిగాహెర్ట్జ్ పెట్టి చూడండి. ల్యాప్‌టాప్‌లో ఆ హాట్‌స్పాట్ పేరు కనిపించకపోతే దాని కార్డు పాతదని అర్థం, తిరిగి 2.4కి మార్చండి. ల్యాప్‌టాప్ కలిశాక "ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తుంది. కంగారు పడొద్దు, మనకి కావలసింది అదే.

రెండింటిలోనూ లోకల్‌సెండ్ తెరవండి. ప్రతి పరికరానికి అది ఒక ఇంగ్లీషు విశేషణానికి పండు పేరో కూరగాయ పేరో కలిపి ఏదో ఒక పేరు పెడుతుంది. సెట్టింగుల్లో దాన్ని మార్చి "పెద్దన్నయ్య ఫోను", "స్టూడియో ల్యాప్‌టాప్" అని పెట్టుకుంటే నాలుగు ఫోన్లు ఉన్నప్పుడు తికమక ఉండదు. ఫోన్లో పంపే చోటికి వెళ్లి ఫోటోలు ఎంచుకుని, కింద కనిపించే ల్యాప్‌టాప్ పేరు నొక్కాలి. ల్యాప్‌టాప్‌లో ఒప్పుకుంటే చాలు. ఒప్పుకునే ముందు ఏ ఫోల్డర్లోకి రావాలో కూడా చెప్పవచ్చు. ఒక్కొక్కరి ఫోటోలకి ఒక్కో ఫోల్డర్ పెట్టండి. తర్వాత ఎవరు తీసిందో తెలియక అవస్థ పడక్కర్లేదు.

ల్యాప్‌టాప్ పేరు ఫోన్లో కనిపించలేదంటే తప్పు దాదాపు ఎప్పుడూ విండోస్ ఫైర్‌వాల్‌ది. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్‌గా తీసుకుని తలుపులు మూసేస్తుంది. వైఫై సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి ప్రైవేట్ అని మార్చండి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఉంటే ఆపండి. ఆఫీసు, లాడ్జి వైఫైలలో అయితే ఒక పరికరాన్ని ఇంకొకటి చూడకుండా రౌటర్లోనే అడ్డు కట్టి ఉంటారు, మనం చేయగలిగింది ఏమీ లేదు. అక్కడ మళ్లీ సొంత హాట్‌స్పాటే దారి.

దీనికి ఉన్న లోటు కూడా చెప్పాలి. వందల ఫోటోలు వెళ్తుండగా ఫోన్ తెర ఆరిపోతే కొన్ని ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి యాప్‌ని ఆపేస్తాయి. తెర వెలుగుతూ ఉండేలా చూసుకోవాలి, లేకపోతే రెండు మూడు వందల చొప్పున విడదీసి పంపాలి. పెద్దవాళ్లకి మొదటిసారి పక్కన కూర్చుని చూపించాలి. ఒకసారి చేతికి వచ్చాక మళ్లీ అడగరు.

క్విక్ షేర్

ఆండ్రాయిడ్ ఫోను, విండోస్ ల్యాప్‌టాప్ రెండూ మీవే అయి, రోజూ పని ఉంటే క్విక్ షేర్ ఇంకా తేలిక. గూగుల్ 2020లో నియర్‌బై షేర్ అని తెచ్చింది, 2023లో విండోస్‌కి కూడా ఇచ్చింది, 2024 జనవరిలో శాంసంగ్ క్విక్ షేర్‌తో కలిపి ఆ పేరే ఉంచారు. ఫోన్లో విడిగా ఏమీ వేయక్కర్లేదు, గ్యాలరీలో షేర్ నొక్కితే అక్కడే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో గూగుల్ వాళ్ల ప్రోగ్రాం ఒకటి వేసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్, వైఫై రెండూ ఆన్‌లో ఉండాలి: ఎదుటి పరికరాన్ని వెతకడం బ్లూటూత్‌తో, ఫోటోలు మోయడం వైఫైతో. మీ పరికరాలన్నిటికీ ఒకే గూగుల్ ఖాతా పెట్టుకుంటే ప్రతిసారీ ఒప్పుకోవలసిన పని కూడా ఉండదు.

ఇతరుల నుంచి తీసుకోవాలంటే అందరికీ కనిపించేలా పెట్టాలి. పని అయ్యాక తిరిగి "మీ పరికరాలు" అనే దానికి మార్చండి. బస్టాండులో, రైల్లో అందరికీ కనిపించేలా వదిలేస్తే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఫైళ్లు పంపడానికి ప్రయత్నిస్తారు.

నా పనిలో మాత్రం క్విక్ షేర్ కంటే లోకల్‌సెండే ఎక్కువ వాడతాను. క్విక్ షేర్ నడిస్తే చక్కగా నడుస్తుంది. నడవనప్పుడు ఎందుకు నడవలేదో చెప్పదు, పరికరం కనిపించక ఊరికే తిరుగుతూ ఉంటుంది. లైనక్స్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి గూగుల్ దీన్ని ఇవ్వలేదు. వాళ్లు కేడీఈ కనెక్ట్ అనే యాప్ వాడుకోవచ్చు, అది బాగుంటుంది.

బ్లూటూత్, ఎఫ్‌టీపీ, బ్రౌజరు దారులు

బ్లూటూత్ ఒకటో రెండో ఫోటోలకే. ఫోను పెట్టె మీద బ్లూటూత్ 5 అని రాసి ఉన్నా ఫైళ్లు పంపే పద్ధతి పాతదే, సెకనుకి 2 మెగాబిట్లు వస్తే గొప్ప. 4 ఎంబీ ఫోటోకి పదహారు సెకన్లు.

ఎఫ్‌టీపీ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో కొత్త ప్రోగ్రాం వేయనివ్వని చోట ఇదే ఆదుకుంటుంది. చాలా ఫోన్లలో ఫైల్ మేనేజర్‌లోనే ఈ సౌకర్యం ఉంది. ఆన్ చేస్తే అంకెలతో ఒక అడ్రసు చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు తెరిచే కిటికీలో పైన ఉండే అడ్రసు గడిలో దాన్ని ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తే ఫోన్లోని ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్‌లోంచి తీసుకున్నట్టే కాపీ చేసుకోవచ్చు. మొత్తం కెమెరా ఫోల్డరు ఒకేసారి తీసుకోవాలంటే ఇది హాయి. కానీ ఎఫ్‌టీపీలో దేనికీ తాళం ఉండదు, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న మరొకరు వెళ్లేది చూడగలరు. మీ సొంత హాట్‌స్పాట్ మీద తప్ప స్టేషను వైఫైలో, లాడ్జి వైఫైలో వాడొద్దు. పని అవగానే ఆపేయండి. ఫోల్డర్లకి తెలుగులోనో ఒడియాలోనో పేర్లు పెట్టి ఉంటే విండోస్‌లో ఆ అక్షరాలు గజిబిజిగా కనిపించవచ్చు, ముందే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోండి.

పెయిర్‌డ్రాప్ అనే వెబ్‌సైటు రెండింటి బ్రౌజర్లలోనూ తెరిస్తే ఒకదానికొకటి కనిపిస్తాయి, ఏదీ వేసుకోనక్కర్లేదు. పేజీ తెరవడానికి మాత్రం నెట్ ఉండాలి. అయిదారు ఫోటోలకి బాగుంటుంది, ఐదు వందలకి కాదు.

విండోస్‌తో వచ్చే ఫోన్ లింక్ ఇటీవలి ఫోటోలు రెండు వేల దాకా చూపిస్తుంది. ఫోన్లోంచి ఒకటి రెండు లాగి లెటర్లోనో పోస్టరులోనో పెట్టుకోవడానికి పనికొస్తుంది. పెళ్లి ఫోటోలన్నీ దీనిలో లాగడం మొదలుపెడితే ఓపిక నశిస్తుంది.

షేర్‌ఇట్, జెండర్ అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఎక్కడెక్కడినుంచో ఫైలు తెచ్చి వేసుకునేవాళ్లకి ఒకటే చెబుతాను: అది అసలుదో, ఎవరైనా లోపల ఇంకేమైనా కలిపి పెట్టిందో తెలుసుకునే దారి మీకు లేదు. ఇప్పుడు దాని అవసరం కూడా లేదు.

ఐఫోన్ ఉన్నవాళ్లకి

మ్యాక్ ల్యాప్‌టాప్ ఉంటే యాపిల్ వాళ్లదే అయిన ఎయిర్‌డ్రాప్, ఇక వేరే ఆలోచనే వద్దు. మన వైపు ఐఫోన్లు పెరిగాయి గానీ మ్యాక్‌లు పెరగలేదు, ఐఫోను నుంచి విండోస్‌కి పంపడమే అసలు అవస్థ. లోకల్‌సెండ్ ఇక్కడా పనిచేస్తుంది, రెండు జాగ్రత్తలతో. మొదటిసారి తెరిచినప్పుడు లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడుగుతుంది, ఇవ్వాలి. వద్దని నొక్కేస్తే ల్యాప్‌టాప్ ఎప్పటికీ కనిపించదు, సెట్టింగుల్లోకి వెళ్లి మార్చాల్సిందే. పంపుతున్నంతసేపూ యాప్ తెరమీదే ఉండాలి, మధ్యలో వాట్సాప్ చూసుకుని వస్తే ఆగిపోతుంది.

హాట్‌స్పాట్ విషయంలో ఐఫోన్ పద్ధతి వేరు. మొబైల్ డేటా ఆపితే హాట్‌స్పాట్ కూడా పనిచేయదు. అందుకని పక్కనున్న ఎవరిదైనా ఆండ్రాయిడ్ ఫోన్లో డేటా ఆపి హాట్‌స్పాట్ పెట్టించి, ఐఫోనునీ ల్యాప్‌టాప్‌నీ రెండింటినీ దానికి కలపండి.

వచ్చాక ఇంకో చిక్కు ఉంది. 2017 నుంచి, అంటే ఐఓఎస్ 11 నుంచి, ఐఫోన్లు ఫోటోలని హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తున్నాయి. సైజు తగ్గుతుంది, నాణ్యత తగ్గదు, మంచి పద్ధతే. కానీ చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లు దాన్ని అలా తెరవవు, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) ఒకటి వేసుకోవాలి. ప్రింటు షాపుల్లోని పాత ఆల్బం సాఫ్ట్‌వేర్లు అసలే తెరవవు. ఇకముందు తీసేవాటికి ఐఫోన్ సెట్టింగుల్లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంటే జేపెగ్‌లోనే వస్తాయి. పెళ్లికి బయల్దేరే ముందే చేసుకుంటే మంచిది.

వాట్సాప్ ఎక్కడ దెబ్బ కొడుతుందో

పన్నెండు మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఫోటోలో 4000 బై 3000 చుక్కలు ఉంటాయి. మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఆ ఫోటో పదమూడు అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు దాకా నిక్కచ్చిగా ప్రింటవుతుంది, ఆల్బంలో ఒక పేజీ నిండుతుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 చుక్కలకి కుదించేస్తుంది. ఇప్పుడది అయిదు అంగుళాల ఫోటో. దాన్ని సాగదీసి పేజీ నింపితే పెళ్లికూతురి జడలోని మల్లెలు తెల్లటి మరకల్లా కనిపిస్తాయి, పట్టుచీర జరీ మసకబారుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ పోయిన చుక్కలని నిజంగా తిరిగి తేలేదు.

2023 ఆగస్టులో హెచ్‌డీ అని ఒకటి ఇచ్చారు. మామూలుదాని కంటే నయం, కానీ అదీ కుదించిందే. వాట్సాప్ తప్ప దారి లేనప్పుడు, ఉదాహరణకి ఫోటోలున్న బావగారు సూరత్‌లో ఉంటే, ఫోటోలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. అలా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, ఒక్కో ఫైలు 2 జీబీ దాకా. ఫోటో తీసిన తేదీ కూడా దానిలోనే ఉండి వస్తుంది. మామూలుగా పంపితే ఆ తేదీ పోతుంది. నాలుగు ఫోన్ల ఫోటోలని వరసలో పెట్టాలంటే, స్నాతకం ముందో తలంబ్రాలు ముందో తెలియాలంటే, ఆ తేదీ, ఆ గంట ఎంత అవసరమో ఆల్బం చేసేవాళ్లకి తెలుసు.

పెళ్లి ఫోటోలే కాదు, పాత కాగితాల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఇక్కడి తెలుగు కుటుంబాల్లో తాతల నాటి దస్తావేజులు, ఉత్తరాలు తెలుగులో ఉంటాయి, ఆ తర్వాతివి ఒడియాలో. కాగితం పొడి రాలిపోతోందని ఫోన్లో ఫోటోలు తీసి దాచుకుంటున్నారు, చాలా మంచి పని. గొలుసుకట్టు రాతలో ఒక సున్నా, ఒక ఒత్తు చెదిరితే ఇంటిపేరే మారిపోతుంది, సర్వే నంబరులో 3కి 8కి తేడా తెలియదు. అలాంటివి ఎప్పుడూ అసలు ఫైలుగానే ల్యాప్‌టాప్‌కి చేర్చండి. వాట్సాప్‌లోంచి దించిన కాపీని దాచుకుని ఫోన్లోది తుడిచేయకండి.

ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లినప్పుడు కూడా ఇదే. అప్లికేషనుకి ఆధార్ ఫోటో కావాలంటే ఠక్కున "ఈ నంబరుకి వాట్సాప్ చేయండి" అంటారు. మీ ఆధార్, మీ పాసుపుస్తకం ఆ నంబరులో ఎన్నాళ్లు ఉంటాయో ఎవరూ చెప్పలేరు. వాళ్ల ముందే బ్లూటూత్‌లో పంపండి, ఒకటి రెండు ఫోటోలకి అది చాలు. పని అయ్యాక వాళ్ల కంప్యూటరులో అది తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమని మొహమాటం లేకుండా అడగండి. ఒప్పుకునే చోట మొత్తం నంబరు కాకుండా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

మరి క్లౌడ్ ఎందుకు?

దాచడానికి. ఫోను నీళ్లలో పడినా, ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కు పోయినా ఫోటోలు ఉండాలంటే మూడో చోట ఒకటి ఉండాలి, దానికి గూగుల్ ఫోటోస్ లాంటివి మంచివే. రాత్రి నిద్రపోతున్నప్పుడు నెమ్మదిగా ఎక్కుతాయి, తొందర లేదు. ఈ రోజు ఫోన్లోవి ఈ రోజే ల్యాప్‌టాప్‌లోకి కావాలంటే మాత్రం దాని మీద ఆధారపడొద్దు.

ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్ అన్నిటికీ కలిపి. 2021 జూన్ 1 నుంచి నాణ్యత తగ్గించి దాచే ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఐక్లౌడ్‌లో ఉచితం 5 జీబీ. పైన చెప్పిన వెయ్యి ఫోటోల పెళ్లి ఒక్కటే దాన్ని దాదాపు నింపేస్తుంది. ఒక నిమిషం 4కే వీడియో 350 ఎంబీ దాకా ఉండవచ్చు కాబట్టి, వీడియోలు ఎక్కువ తీసేవాళ్లకి ఉచిత చోటు ఒక పండగకి కూడా రాదు.

చుట్టాలు దూరంగా ఉన్నప్పుడు మాత్రం క్లౌడ్ వేరే విధంగా పనికొస్తుంది. గూగుల్ ఫోటోస్‌లో ఉమ్మడి ఆల్బం ఒకటి తెరిచి లింకు పంపితే, విశాఖలో ఉన్నవాళ్లు, సూరత్‌లో ఉన్నవాళ్లు ఎవరి ఫోటోలు వాళ్లు దానిలో వేస్తారు. దాచే నాణ్యత ఒరిజినల్ అని పెట్టుకోమని వాళ్లకి చెప్పాలి.

రోజూ ఉండే పనికి

పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు పేరున్నవి. కొంగలు, చేపలు, దేవుడి బొమ్మలు చేసి అమ్మేవాళ్లు ఇప్పుడు ఫోటోలు చూపించి ఆర్డర్లు తీసుకుంటున్నారు. అలాగే బట్టల కొట్టువాళ్లు, వంటల వీడియోలు పెట్టే ఆడవాళ్లు. రోజూ ముప్పై నలభై ఫోటోలు ల్యాప్‌టాప్‌కి రావాలి. ఇలాంటి వాళ్లు ప్రతిరోజూ ఎంచుకుని పంపే పని పెట్టుకోకూడదు, విసుగొచ్చి మానేస్తారు.

కొట్లో రౌటర్ ఉంటే సింక్‌థింగ్ అనే ప్రోగ్రాం పెట్టించుకోండి. ఫోన్లో కెమెరా ఫోల్డరు, ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరు జత చేసి వదిలేస్తే, రెండూ ఒకే వైఫైలోకి వచ్చినప్పుడల్లా కొత్త ఫోటోలు వాటంతట అవే చేరతాయి, క్లౌడ్‌లో ఏదీ ఉండదు. ఆండ్రాయిడ్‌లో దాని అసలు యాప్‌ని 2024 డిసెంబరులో ఆపేశారు, ఇప్పుడు సింక్‌థింగ్-ఫోర్క్ అనేది వాడాలి. పెట్టుకోవడం కాస్త కష్టం, తెలిసిన కుర్రాడి చేత చేయించుకోవడం మేలు. ఒక్క విషయం గట్టిగా చెప్పించుకోండి: ఫోన్ వైపు "పంపడం మాత్రమే" అని పెట్టాలి. రెండువైపులా సమానం చేయమని పెడితే ల్యాప్‌టాప్‌లో తుడిచింది ఫోన్లోనూ పోతుంది. ఫోన్లో తుడిచినవి ల్యాప్‌టాప్‌లోనూ పోతాయి కాబట్టి, వచ్చినవాటిని వారానికోసారి వేరే ఫోల్డరులోకి కాపీ చేసి పెట్టుకోవాలి.

వచ్చాక, ఫోన్లోవి తుడిచే ముందు

పంపడం అయిపోయిందని వెంటనే ఫోన్ ఖాళీ చేయకండి. ఫోన్లో ఎన్ని ఎంచుకున్నారో, ల్యాప్‌టాప్ ఫోల్డరులో ఎన్ని వచ్చాయో లెక్క చూడండి. ఫోల్డరుని సైజు ప్రకారం వరస పెడితే సున్నా ఎంబీ ఫైళ్లు, సగంలో ఆగినవి ఒకచోటికి చేరతాయి. చివరి వీడియో ఒకటి పూర్తిగా ఆడించి చూడండి, తెగితే తెగేది అక్కడే. తేదీల వరస కావాలంటే విండోస్‌లో ఫైలు మారిన తేదీ ప్రకారం కాకుండా "డేట్ టేకెన్" ప్రకారం వరస పెట్టాలి. కాపీ అయినప్పుడు మొదటిది ఈ రోజుకి మారిపోవచ్చు, రెండోది ఫోటో లోపలే రాసి ఉంటుంది.

గూగుల్ ఫోటోస్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చోటు కోసమని ఆ యాప్‌లోనే ఫోటో తుడిస్తే ఫోన్లోదీ, క్లౌడ్‌లోదీ రెండూ పోతాయి. ఫోన్లో మాత్రమే ఖాళీ చేయాలంటే అదే యాప్‌లో "ఫ్రీ అప్ స్పేస్" అని విడిగా ఉంది, దాన్ని నొక్కాలి. పొరపాటున పోతే వెంటనే ట్రాష్ చూడండి: క్లౌడ్‌లోకి ఎక్కినవి అక్కడ 60 రోజులు, ఎక్కనివి 30 రోజులు ఉంటాయి. ఐఫోన్ గ్యాలరీలో తుడిచినవి కూడా 30 రోజుల దాకా తిరిగి తెచ్చుకోవచ్చు.